మంచు వాలు కింద నిలబడే ముందు

2023 ఏప్రిల్ 4. నూజివీడు తోటల్లో బంగినపల్లి కోతలు అందుకుంటున్న రోజులు. ఆ మధ్యాహ్నం సిక్కింలో, గ్యాంగ్‌టక్ నుంచి నాథులా కనుమకు వెళ్ళే జవహర్‌లాల్ నెహ్రూ మార్గంలో మంచు చరియ విరిగి పర్యాటకుల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. వాళ్ళలో ఒక చిన్నారి కూడా ఉంది. కూరుకుపోయిన వాళ్ళ కోసం సైన్యం, సరిహద్దు రోడ్ల సంస్థ, పోలీసులు కలిసి మంచు తవ్వారు. దారిలో చిక్కుకుపోయిన సుమారు 350 మందిని, 80 వాహనాలను ఆ తర్వాత వెనక్కి తెచ్చారు. చనిపోయిన వాళ్ళు పర్వతారోహకులు కారు. కారు దిగి మంచులో నాలుగడుగులు నడుద్దామని, ఫొటోలు దిగుదామని వెళ్ళిన మామూలు మనుషులు. పర్యాటకులకు పదమూడో మైలు వరకే అనుమతి ఉందనీ, వీళ్ళు పదిహేనో మైలు దాకా వెళ్ళారనీ అక్కడి అధికారులు చెప్పారు.

ఆ రెండు మైళ్ళ గురించే ఈ హెచ్చరిక.

ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, నూజివీడు. ఈ ఊళ్ళ నుంచి మంచు కొండలకు వెళ్ళేవాళ్ళు ఒకప్పుడు చార్‌ధామ్ యాత్రికులు, సైన్యంలో చేరిన కుర్రాళ్ళు మాత్రమే. ఇప్పుడు అలా లేదు. పరీక్షలు అయిపోగానే, తోట అమ్మిన డబ్బు చేతికి రాగానే మనాలీకో, కాశ్మీరుకో, సిక్కింకో కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరుతున్నాయి. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి తర్వాత చేరి ఆరేళ్ళు చదివిన పిల్లలు మొదటి జీతంతో శీతాకాలపు ట్రెక్కింగుకు వెళ్తున్నారు. సియాటిల్, డెన్వర్ వైపు ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు వారాంతాల్లో స్కీ పలకలు, స్నోబోర్డులు కట్టుకుని దిగుతున్న ఫొటోలు ఇక్కడ అమ్మమ్మల ఫోన్లలో కనిపిస్తున్నాయి. సంతోషమే. నలభై డిగ్రీల ఎండలో పుట్టి పెరిగిన పిల్లలు లోకం చూడాలి. కానీ వాళ్ళు అడుగుపెడుతున్న చోటు ఎలా చంపుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళకే కాదు, వాళ్ళను పంపుతున్న మనకూ తెలియదు.

మనకు గాలివాన తెలుసు. పడమర మబ్బు కమ్మితే ఎంత కాయ రాలుతుందో తోట కాపలాదారు కూడా అంచనా కడతాడు. ఏ చెరువు కట్ట బలహీనమో, ఏ వాగు ఎంత వానకు పొంగుతుందో తాతల నాటి నుంచి వస్తున్న ఎరుక ఉంది. మంచు వాలు విషయంలో ఆ ఎరుక మనకు వంశపారంపర్యంగా రాలేదు, వచ్చే అవకాశమూ లేదు. కూర్చుని నేర్చుకోవాల్సిందే. నేర్చుకోకుండా మంచు పేరుకున్న ఏటవాలు మీదికి గానీ, దాని కిందికి గానీ వెళ్ళవద్దు. ఈ సంపాదకీయం చెప్పదలచింది ఇంతే. మిగతాదంతా ఎందుకు వెళ్ళకూడదో, ఏం నేర్చుకోవాలో చెప్పడానికి.

చరియ ఎలా విరుగుతుందో ముందు అర్థం చేసుకోవాలి. కొండ మీద మంచు ఒకే ముద్దగా ఉండదు. మామిడి తాండ్రను చాప మీద ఎలా పోస్తారో చూడండి. ఒక పూత పోసి, ఎండనిచ్చి, దాని మీద మరో పూత. కింది పూత సరిగ్గా ఉంటే పైది దానికి అతుక్కుంటుంది. నడుమ పొడిపొడిగా ఏదైనా పడితే పై పొర పలకలా ఊడి వస్తుంది. కొండ మీద కూడా ప్రతి హిమపాతమూ ఒక పొర. రెండు హిమపాతాల నడుమ ఆకాశం నిర్మలంగా ఉండి చలి బాగా ముదిరితే, ఉన్న మంచు పైభాగంలోనో, అడుగునో, పంచదార పలుకుల్లాంటి గింజలు తయారవుతాయి. వాటికి ఒకదానితో ఒకటి పట్టు ఉండదు. ఆ గింజల పొర మీద మళ్ళీ మంచు కురుస్తుంది, గాలి ఇంకొంత తెచ్చి పోస్తుంది. పైనుంచి చూసేవాడికి తెల్లటి నున్నటి వాలు కనిపిస్తుంది, అంతే. లోపలి గింజల పొర కంటికి కనపడదు.

ఆ వాలు మీద ఒక మనిషి అడుగు వేస్తాడు, లేదా స్కీ పలకల మీద దిగుతాడు. ఆ బరువుకు లోపలి బలహీనపు పొర ఒక్కచోట కుంగుతుంది. ఆ కుంగడం క్షణంలో వాలంతా పాకుతుంది. పైనున్న మంచు పలకంతా ఒక్కసారిగా తెగి జారుతుంది. తొక్కినవాడు పలక అంచున ఉండడు, దాని నడుమ ఉంటాడు. అందుకే తప్పించుకోవడం కష్టం. ఇలా జారిన మంచు కొద్ది క్షణాల్లోనే గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఏ స్కీయరూ దాన్ని దాటి పరిగెత్తలేడు.

మన వాళ్ళు చాలామంది మంచు చరియను దైవఘటన అనుకుంటారు, ఎప్పుడో ఎక్కడో పడుతుంది, మన తలరాత బాగాలేకపోతే మన మీద పడుతుంది అని. స్కీయర్లు, స్నోబోర్డర్లు చిక్కుకున్న ప్రమాదాలను దశాబ్దాలుగా పరిశీలించినవాళ్ళు చెప్పేది వేరు. చిక్కుకున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది విషయంలో ఆ చరియను కదిలించింది వాళ్ళే, లేదా వాళ్ళ జట్టులోని మరొకరు. ఇది భయపెట్టే మాటే, కానీ ఇందులోనే ఆశ ఉంది. మనిషి కదిలించేదాన్ని మనిషి కదిలించకుండా ఉండగలడు. సినిమాల్లో చూపించినట్టు కేక వేస్తే చరియ విరగదు. అడుగు వేస్తే విరుగుతుంది.

అడుగు ఎక్కడ వేయకూడదో తెలుసుకోవడం ఈ చదువులో మొదటి పాఠం. చరియల్లో ఎక్కువ భాగం 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలులో పుడతాయి. స్కీయింగ్‌కు అత్యంత సరదాగా ఉండే వాలు కూడా సరిగ్గా అదే. అంతకంటే నిటారుగా ఉంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది, బాగా తక్కువగా ఉంటే సాధారణంగా జారదు. వాలు ఎంతో కంటితో చెప్పలేం, అనుభవజ్ఞులు కూడా తప్పుతారు. కొలవడానికి అరచేతిలో పట్టే కొలమానం ఉంది, ఫోన్లోనూ ఆ సదుపాయం దొరుకుతుంది. అయితే మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉందని ధైర్యపడకండి. పైన ఎక్కడో తెగిన చరియ కింది చదును దాకా, రోడ్డు దాకా, వాగు దాకా వచ్చి ఆగుతుంది. నాథులా దారిలో జరిగింది అదే. కాబట్టి తల ఎత్తి చూడాలి. నా తలపైన ఏముంది? అది జారితే ఎక్కడిదాకా వస్తుంది? వచ్చి నన్ను ఏ లోయలోకి, ఏ చెట్ల మీదికి తోస్తుంది? లోతైన ఇరుకు వాగులో చిన్న చరియ కూడా మనిషిని నిలువునా పూడ్చేస్తుంది.

కొండ తనంతట తానే కొన్ని గుర్తులు చూపిస్తుంది. దగ్గర్లోని వాలు మీద తాజాగా చరియ విరిగిన ఆనవాలు ఉంటే, అదే దిక్కుకు తిరిగి ఉన్న మరో వాలు కూడా సిద్ధంగా ఉన్నట్టే. నడుస్తుంటే కాళ్ళ కింద మంచు ‘ధుమ్’మని కుంగిన చప్పుడు వస్తే, అడుగు దగ్గర్నుంచి పగులు ముందుకు పాకితే, ఇక ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండా వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఒక్కరోజులో అడుగు మందాన కొత్త మంచు పడితే, బలమైన గాలి మంచును ఒకవైపు వాలుకు చేరవేస్తుంటే, మరుసటి రోజు ఆకాశం ఎంత నీలంగా ఉన్నా ఆగాలి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. తుఫాను వెలిసిన తెల్లవారి ఎండ కాస్తుంది, కొత్త మంచు మెరుస్తుంది, సెలవు రేపటితో అయిపోతుంది. కాళ్ళు ఆగవు.

మన వేసవి ప్రయాణికులకు అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు వేడి. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండకు మంచు కరిగి నీరు పొరల్లోకి ఇంకుతుంది. పొరల పట్టు సడలుతుంది. పొద్దున గట్టిగా ఉన్న వాలు మధ్యాహ్నానికి తడిసి జారుతుంది. మనకు సెలవులు వచ్చేది ఆ నెలల్లోనే. మనం హోటల్లో టిఫిన్ తిని, బేరాలాడి, మంచు దగ్గరికి చేరేది పదకొండు, పన్నెండు గంటలకు. నాథులా దుర్ఘటన జరిగిన వేళ కూడా అదే. కొండ ప్రాంతాల్లో పనిచేసేవాళ్ళు తెల్లవారకముందే బయలుదేరి ఎండ ముదరకముందే వాలు దాటి వచ్చేస్తారు. మన పర్యటన వేళలు సరిగ్గా అందుకు తలకిందులుగా ఉన్నాయి.

మనాలీ వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. 2020 అక్టోబర్ 3న అటల్ సొరంగం తెరిచారు. తొమ్మిది కిలోమీటర్లు. అంతకుముందు శీతాకాలమంతా రోహ్తాంగ్ కనుమ మూసుకుపోయి లాహౌల్ లోయ బయటి లోకానికి దూరమయ్యేది. ఇప్పుడు అద్దె కారులో కూర్చున్నవాడు కొద్ది నిమిషాల్లో కొండ అవతల సిస్సులో దిగుతాడు. దారి దొరికింది, మంచిదే. కానీ ఆ లోయలో పుట్టిన మనిషికి ఏ వాలు ఎప్పుడు జారుతుందో తెలుసు. సొరంగంలోంచి బయటపడ్డ మనకు ఆ వాలుల పేర్లు కూడా తెలియవు. డ్రైవరు కారు ఆపిన చోటు క్షేమమైన చోటని అనుకోవద్దు. అతను ఆపేది పార్కింగ్ ఉన్నచోట.

ఇప్పుడు అసలు కష్టమైన మాట. పూడిపోయాక ఏమవుతుంది?

జారినంతసేపు మంచు పారుతుంది. ఆగిన మరుక్షణం బిగుసుకుంటుంది. లోపలున్నవాడు చిటికెన వేలు కూడా కదపలేడు. వదిలిన ఊపిరి చుట్టూ ఉన్న మంచులోకి సరిగా పోదు, ఆ ఊపిరినే మళ్ళీ పీల్చాల్సి వస్తుంది. ముఖం ముందు మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి గాలిని అడ్డుకుంటుంది. ఈ చావుల్లో ఎక్కువ భాగం ఊపిరాడక సంభవించేవి, మిగతావి చెట్లకూ రాళ్ళకూ కొట్టుకుని తగిలే దెబ్బల వల్ల. పూర్తిగా పూడిపోయిన వాళ్ళను పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒక్కరు దక్కడమే గొప్ప. ఆ పావుగంటలో హెలికాప్టర్ రాదు, సైన్యం రాదు, పోలీసులు రారు. ఆ పావుగంట మొత్తం మీ పక్కనున్న స్నేహితుడి చేతిలో ఉంటుంది. అతనికి చేతనైతే మీరు బతుకుతారు.

ఈ మాట అంటే కొందరికి సియాచిన్ గుర్తొస్తుంది. 2016 ఫిబ్రవరి 3న సోనం పోస్టు మీద చరియ పడింది. 19,600 అడుగుల ఎత్తు. మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పదిమంది సైనికులు పూడిపోయారు. వాళ్ళలో మన కర్నూలు జిల్లా సిపాయి ఒకరు. ఆరు రోజుల తర్వాత కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికారు. దేశమంతా దణ్ణం పెట్టుకుంది. మన గుళ్ళలోనూ పూజలు జరిగాయి. ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. ఆ వీరుడి సహనానికి చేతులెత్తి మొక్కుతూనే ఒకటి గట్టిగా చెప్పాలి. దాన్ని చూసి మంచు కింద రోజుల తరబడి బతకొచ్చని ఎవరూ అనుకోవద్దు. మిగతా తొమ్మిదిమంది ఏమయ్యారో గుర్తుంచుకోండి. వాళ్ళు సెలవుకు వెళ్ళినవాళ్ళు కారు. శిక్షణ పొందిన సైనికులు, విధి కోసం ఆ ముప్పును తెలిసి భుజాన వేసుకున్నవాళ్ళు. మనకు అలాంటి విధి ఏదీ లేదు. ఫొటో కోసం ఆ వాలు కింద నిలబడనవసరం లేదు.

స్కీయింగ్‌కు, స్నోబోర్డింగ్‌కు నిజంగా వెళ్ళాలనుకునే వాళ్ళతో ఇక మాట్లాడాలి. గుల్మార్గ్‌లో గానీ అమెరికాలో గానీ స్కీ కేంద్రం లోపలి బాటలు వేరు, వాటి బయటి కొండ వేరు. లోపలి బాటలను యంత్రాలతో తొక్కి చదును చేస్తారు. పైన పేరుకున్న ప్రమాదకరమైన మంచును చాలా కేంద్రాల్లో పేలుడు పదార్థాలతో ముందే రాల్చేస్తారు. గస్తీవాళ్ళు ఉంటారు. బాటల హద్దుగా కట్టిన తాడు దాటిన మరుక్షణం ఇవేవీ ఉండవు. తాడుకు ఇవతలా అవతలా మంచు ఒకేలా కనిపిస్తుంది. అదే మోసం. గుల్మార్గ్ గండోలా అనే కేబుల్ కారు అఫర్వత్ కొండ మీదికి దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. ఎక్కడానికి టిక్కెట్ చాలు. దిగడానికి టిక్కెట్ చాలదు. 2023 ఫిబ్రవరి 1న ఆ కొండ మీదే చరియ పడి పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు, వాళ్ళతో ఉన్న మిగతావాళ్ళను కాపాడగలిగారు. 2024 ఫిబ్రవరి 22న మరో చరియ ఒక రష్యన్ ప్రాణం తీసింది. వీళ్ళు మంచు దేశాల మనుషులు. 2010 ఫిబ్రవరిలో అదే గుల్మార్గ్ దగ్గర సైన్యపు పర్వత యుద్ధ శిక్షణ పాఠశాలకు చెందిన 17 మంది సైనికులు చరియ కింద చనిపోయారు.

బాట బయటికి వెళ్ళే ప్రతి ఒక్కరి ఒంటి మీదా మూడు వస్తువులు ఉండాలి. జట్టుకు ఒకటి కాదు, మనిషికి మూడు. మొదటిది ట్రాన్సీవర్. ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో పెట్టె. బయలుదేరే ముందు ఆన్ చేస్తే సంకేతం పంపుతూనే ఉంటుంది. ఒకరు పూడిపోతే మిగతావాళ్ళు తమ పెట్టెలను వెతికే స్థితికి మార్చి, ఆ సంకేతం వచ్చే చోటికి చేరుతారు. రెండోది ప్రోబ్, మడిచి సంచిలో పెట్టుకుని, విప్పితే రెండు మీటర్లు దాటే సన్నటి కడ్డీ. మంచులోకి దించి మనిషి ఎంత లోతులో ఉన్నాడో తేలుస్తుంది. మూడోది లోహపు పార. చేతులతో ఆ మంచును తవ్వడం అయ్యే పని కాదు. ఒక్కటి లేకపోయినా మిగతా రెండింటికీ అర్థం లేదు. గాలి సంచి ఉన్న వీపు బ్యాగులు కూడా వచ్చాయి, తాడు లాగితే ఉబ్బి మనిషిని మంచు పైభాగాన ఉంచడానికి సాయపడతాయి. కొనగలిగినవాళ్ళు కొనుక్కోవచ్చు. అయితే ఆ సంచి చెట్టు దెబ్బను ఆపదు.

కొనడం ఒక్క రోజు పని. వాడడం నేర్చుకోవడం చాలా రోజుల పని. మంచులో పాతిపెట్టిన ట్రాన్సీవర్‌ను వెతికి తవ్వి తీయడం పదేపదే సాధన చేయాలి. వేళ్ళు కొంకర్లు పోయి, గుండె దడదడలాడుతూ, స్నేహితుడు కింద ఉన్నాడని తెలిసినప్పుడు కొత్తగా మీట వెతుక్కోకూడదు. వాలును ఒక్కొక్కరుగా దాటాలి, మిగతావాళ్ళు క్షేమమైన చోట నిలబడి దాటేవాడిని కళ్ళార్పకుండా చూడాలి. అందరూ ఒకేసారి దిగితే తవ్వడానికి ఎవరూ మిగలరు. చరియలో చిక్కినవాడు పక్కకు బయటపడడానికి పెనుగులాడాలి, వేగం తగ్గుతుందనిపించగానే చేతులు ముఖం ముందు పెట్టి ఊపిరికి కాస్త చోటు చేసుకోవాలి. చూస్తున్నవాళ్ళు అతను చివరిసారి కనిపించిన చోటును గుర్తుపెట్టుకుని, పైనుంచి ఇంకోటి రాదని చూసుకుని, వెంటనే వెతకాలి. సాయం కోసం కిందికి పరిగెత్తకూడదు. ఫోన్ పనిచేస్తే ఒకరు సమాచారం ఇవ్వాలి, మిగతా అందరూ తవ్వాలి. కాగితం మీద చదివితే ఇది నాలుగు వాక్యాలు. మంచులో చేసి చూస్తేనే ఒంటపడుతుంది.

నేర్చుకునే చోట్లు ఉన్నాయి. ఉత్తరకాశీలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లో 1954 నుంచి నడుస్తున్న హిమాలయన్ పర్వతారోహణ సంస్థ, మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరిట ఉన్న పర్వతారోహణ, అనుబంధ క్రీడల సంస్థ, గుల్మార్గ్‌లో భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ. ఇవన్నీ ప్రభుత్వ అండతో నడిచేవే. స్కీయింగ్ మొదటి కోర్సులు రెండు వారాల దాకా ఉంటాయి, పర్వతారోహణ ప్రాథమిక కోర్సు దాదాపు నెల. ప్రైవేటు ట్రెక్కింగ్ కంపెనీ ఇచ్చే గంటసేపు ఉపన్యాసం వీటికి సాటి రాదు. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇంకా సులువు. మూడు రోజుల మొదటి స్థాయి కోర్సు స్కీ కేంద్రాలున్న రాష్ట్రాల్లో శీతాకాలమంతా దొరుకుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్, కొలరాడోలో ఆ రాష్ట్ర అవలాంచ్ సమాచార కేంద్రం సీజన్లో రోజూ ముప్పు అంచనా ఉచితంగా ఇస్తాయి.

మన దేశంలోనూ అలాంటి హెచ్చరికలు ఉన్నాయని మనలో ఎంతమందికి తెలుసు? 1969లో మనాలీలో మంచు, చరియల అధ్యయనానికి పెట్టిన రక్షణ పరిశోధన సంస్థ, 2020లో మరో ప్రయోగశాలతో కలిసి చండీగఢ్ కేంద్రంగా రక్షణ భూసమాచార పరిశోధన సంస్థగా మారింది. డీజీఆర్ఈ అంటారు. ఏ జిల్లాలో, ఎంత ఎత్తు పైన ముప్పు ఉందో ముందుగా చెబుతుంది. 2025 ఫిబ్రవరి 27 సాయంత్రం చమోలీ సహా ఉత్తరాఖండ్‌లోని ఐదు జిల్లాలకు హెచ్చరిక ఇచ్చింది. మరునాడు ఉదయమే బదరీనాథ్ పక్కనున్న మానా దగ్గర రోడ్డు కార్మికుల శిబిరం మీద చరియ పడింది. 54 మంది చిక్కుకుంటే 46 మందిని బయటికి తీశారు, ఎనిమిది మంది చనిపోయారు. హెచ్చరిక ఉంది, కింద మనుషులూ ఉన్నారు. ఆ రెంటి నడుమ ఉన్న దూరం ఎనిమిది ప్రాణాలు. మన పర్యాటక బస్సుల్లో, హోటళ్ళలో, వాట్సాప్ గ్రూపుల్లో ఆ దూరం ఇంకా పెద్దది. ఆ హెచ్చరికల బులెటిన్‌ను తెలుగులో చదివి చెప్పేవాడే లేడు.

ముప్పును ఒకటి నుంచి ఐదు అంకెల్లో చెప్పే పద్ధతి ప్రపంచమంతా ఉంది. మూడు అంటే మధ్యస్థమే కదా అని జనం బయలుదేరతారు. విదేశాల్లో చాలా చావులు ఆ మూడో అంకె రోజునే జరుగుతున్నాయి. నాలుగు, ఐదు అంటే ఇంట్లోనే ఉంటారు కనుక. మూడు అంటే మనిషి బరువుకు చరియ కదిలే అవకాశం బాగా ఉన్న రోజని అర్థం. నేర్చుకోనివాడు ఆ రోజు బాట దాటకూడదు.

నేర్చుకున్నవాడికి మాత్రం చావు రాదా అని అడగవచ్చు. వస్తుంది. 2012 ఫిబ్రవరి 19న సియాటిల్‌కు రెండు గంటల దూరంలోని స్టీవెన్స్ పాస్ వెనుక టన్నెల్ క్రీక్ వాలు మీద ముగ్గురు చనిపోయారు. ఆ జట్టులో ఉన్న పదహారు మందీ నేర్పరులే, ఆ కొండను ఎరిగినవాళ్ళు, స్కీయింగే వృత్తిగా బతికేవాళ్ళు చాలామంది. ముప్పు ఎక్కువగా ఉందని ఆ రోజు బులెటిన్ చెప్పింది. కొందరికి లోపల సందేహం ఉంది. ఇంతమంది నిపుణులున్నారు కదా అని పైకి అనలేదు. ఒక స్కీయర్ గాలి సంచి తెరుచుకుని బతికింది. 2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ సంస్థకు చెందిన శిక్షణ జట్టు ద్రౌపది కా డాండా మీద చరియలో చిక్కుకుంది. అప్పట్లో 27 మంది మృతదేహాలు దొరికాయి, ఇద్దరు దొరకలేదు. ఎవరెస్ట్ ఎక్కిన శిక్షకురాలు సవితా కంస్వాల్ కూడా చనిపోయినవాళ్ళలో ఉన్నారు. చదువు కవచం కాదు. నేర్పేవాళ్ళనే తీసుకుపోగల కొండ ముందు ఏమీ నేర్వనివాడు నిలబడడం ఎంత దారుణమో ఈ రెండు ఘటనలు చెబుతున్నాయి. టన్నెల్ క్రీక్ ఇంకొకటి కూడా చెబుతోంది. జట్టులో అందరికన్నా చిన్నవాడికి, అందరికన్నా కొత్తవాడికి ‘నాకు భయంగా ఉంది, వెనక్కి పోదాం’ అనే హక్కు ఉండాలి. మన కుర్రాళ్ళ గుంపుల్లో ఆ మాట అన్నవాణ్ణి పిరికివాడంటారు. దయచేసి అనకండి.

తెలుగునేలకు ఈ పాఠం ఒకసారి అతి ఘోరంగా అందింది. 2014 జూన్ 8 సాయంత్రం, హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులను, ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుంచి వదిలిన నీరు ఈడ్చుకుపోయింది. 24 మంది పిల్లలు. అది మంచు కాదు, నీళ్ళు. అయినా కారణం ఇదే. తలపైన ఏముందో, అది ఎప్పుడు దిగుతుందో ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఒడ్డున చాలినంత హెచ్చరిక లేదు. కొందరి మృతదేహాల కోసం తల్లిదండ్రులు ఆ నది ఒడ్డున వారాల తరబడి ఎదురుచూశారు. అంత దుఃఖం తర్వాత కూడా కొండకు వెళ్ళే జట్టుకు ముందుగా పాఠం చెప్పే అలవాటు మన కాలేజీలకు, మన టూర్ ఏజెంట్లకు ఇంకా రాలేదు.

అదే సంవత్సరం మే 25న మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పిల్ల, ఖమ్మం జిల్లా పిల్లవాడు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నవాళ్ళు, మంచును అంతకుముందు ఎరగని కుటుంబాల బిడ్డలు. భువనగిరి బండల మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ దాటి, లద్దాఖ్ చలి దాకా నెలల తరబడి సాధన చేశాక మాత్రమే వాళ్ళను అటు పంపారు. వాళ్ళు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఆ ఏప్రిల్ 18నే నేపాల్ వైపు ఖుంబు హిమపాత మార్గంలో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. మన పిల్లలకు చేతకాదన్న మాట అబద్ధమని పూర్ణ, ఆనంద్ నిరూపించారు. సరిగ్గా నేర్పితే చేతనవుతుంది. మన బాధ్యత నేర్పించడం.

కాబట్టి కొన్ని పనులు ఈ సీజన్లోనే జరగాలి. విజయవాడ, ఏలూరు, నూజివీడుల్లో ఉత్తరాది టూర్లు నడిపేవాళ్ళు మంచు ప్రాంతానికి బస్సు కదిలే ముందు ఆ రోజు బులెటిన్ చూసి ప్రయాణికులకు తెలుగులో చెప్పాలి. అనుమతి ఎక్కడి వరకో చెప్పాలి, అది దాటమని డ్రైవరుకు డబ్బు ఇవ్వజూపిన ప్రయాణికుణ్ణి అక్కడే ఆపాలి. ట్రిపుల్ ఐటీ, ఈ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు చివరి ఏడాది పిల్లలకు ఒక పూట కొండ భద్రత పాఠం పెట్టాలి. మనాలీ, డార్జిలింగ్ సంస్థల్లో శిక్షణ పొందిన తెలుగువాళ్ళు ఉన్నారు, మాజీ సైనికులు మన మండలాల్లోనే ఉన్నారు, వాళ్ళను పిలవచ్చు. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ పిడుగులకు, వడగాడ్పులకు మన ఫోన్లకు సందేశాలు పంపుతోంది. మంచు ప్రాంతాలకు వెళ్ళే ఆంధ్ర యాత్రికుల కోసం డీజీఆర్ఈ హెచ్చరికలను తెలుగులో అందించడం దానికి పెద్ద పనేమీ కాదు. అమెరికాలోని తెలుగు సంఘాలు సంక్రాంతి ముగ్గుల పోటీలకు పెట్టే శ్రద్ధలో కొంత డిసెంబరులో ఒక ఉచిత చరియల అవగాహన తరగతికి పెడితే చాలు. పాఠం చెప్పేవాళ్ళు ఆ రాష్ట్రాల్లోనే ఉన్నారు.

అమ్మానాన్నలు చేయాల్సింది ఇంకా సులువు. పిల్ల ఫోన్ చేసి స్కీయింగ్‌కు వెళ్తున్నామంటే ‘జాగ్రత్త’ అని ఊరుకోకండి. ఆ మాట వినీ వినీ వాళ్ళకు అలవాటైపోయింది. అడగండి. కేంద్రం లోపలా, తాడు బయటా? బయటైతే కోర్సు చేశావా? ఎవరెవరు వెళ్తున్నారు, అందరి దగ్గరా ట్రాన్సీవర్, ప్రోబ్, పార ఉన్నాయా? ఈ రోజు ముప్పు అంకె ఎంత? ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, రాకపోతే మేము ఏ నంబరుకు ఫోన్ చేయాలి? మన దేశంలో అయితే 112. అమెరికాలో అయితే 911, కానీ అది అక్కడున్నవాళ్ళు చేయాల్సిన నంబరు, ఇక్కడి నుంచి కలవదు. కనుక ఆ ప్రాంతపు షెరీఫ్ కార్యాలయం ఫోన్ నంబరు వాళ్ళు వెళ్ళే ముందే రాయించుకుని ఉంచుకోండి. జవాబుల్లో ఒక్కటి తడబడినా ఆ రోజు లోపలి బాటల మీదే ఆడుకోమనండి.

కుటుంబంతో వెళ్తున్నవాళ్ళు మంచు దగ్గరికి పొద్దున్నే వెళ్ళి ఎండ ముదిరేలోపు తిరిగి రండి. అనుమతి ఉన్న గీత దాటకండి. పైన నున్నటి తెల్లటి వాలు ఉన్నచోట పిల్లల్ని దింపకండి, కారు ఆపనివ్వకండి. డ్రైవరు ఇంకొంచెం పైకి తీసుకెళ్తానంటే వద్దని చెప్పి వెనక్కి తిప్పించండి.